పరదేశమున ఒక పంట కాలము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ ఇంటి ముందు నిలిచి "మీ వాడు ఎక్కడ ఉన్నాడు?" అని అడిగినను, "బయటి దేశం పోయిండు" అను సమాధానము తరచుగా వినవచ్చును. బయటి దేశమనగా అక్కడ చాల కాలముగా ఒకటే అర్థము: దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ అరేబియా. భవనములు కట్టుటకు, బండ్లు నడుపుటకు, తోటలకు నీరు పెట్టుటకు వెళ్ళిన వారు పంపిన ధనముతో అప్పులు తీరినవి. ఆడపిల్లల పెండ్లిండ్లు జరిగినవి. పెంకుటిండ్లున్న చోట మేడలు లేచినవి. కొన్ని ఇండ్లకు మాత్రము మనిషికి బదులుగా శవపేటిక వచ్చినది. కావున విమానము శబ్దము విని తల పైకెత్తి చూచునపుడు అక్కడి తల్లుల మనస్సులో ఆశయు భయమును కలిసియే యుండును.

అట్టి సీమ నుండి ఒక విద్యార్థిని కూలి కొరకు గాక చదువు కొరకు, అక్కడనే నిలిచిపోవుటకు గాక గడువు ముగియగానే తిరిగి వచ్చుటకు సముద్రము దాటి వెళ్ళినది. ఈ విధముగా పోయి వచ్చుటను విద్యార్థి వినిమయమని పిలుచుచున్నారు. మాట పెద్దదే గాని భావము మనకు క్రొత్తది కాదు. ఇంట పెరుగు తోడు లేనినాడు పొరుగింటికి గిన్నె పంపుదుము. వారింట లేనినాడు మన తలుపు తట్టుదురు. ఎవరు ఎంత ఇచ్చినారని లెక్క వ్రాసుకొనము. కాని ఎప్పుడును తెచ్చుకొనుటయే గాని ఇచ్చుట లేని ఇంటిని గూర్చి వాడలో ఏమనుకొందురో శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. విద్యా వినిమయములోని ధర్మమును అదియే.

రైతుల కార్యక్రమమునకు ధ్వనిముద్రణ చేయుటకై మేము జగిత్యాలకు చేరువనున్న పొలాస వ్యవసాయ పరిశోధన స్థానమునకు వెళ్ళినపుడు ఈ విద్యార్థినిని కలిసికొన్నాము. అక్కడి వ్యవసాయ కళాశాలలో ఆమె చివరి సంవత్సరము చదువుచున్నది. తన పేరు చెప్పవద్దని కోరినది గనుక చెప్పుట లేదు. తండ్రి సిరిసిల్లలో సాంచెలు నడుపు కార్మికుడు. మరమగ్గమును అక్కడ సాంచె అందురు. యువకుడుగా నున్నపుడు భీమండి పోయి, అక్కడి కార్ఖానాలలో పని నేర్చి, పెండ్లి నాటికి తిరిగి వచ్చినాడు. తల్లి బీడీలు చుట్టును. ఇంట చోటు చాలక ఈ బాలిక చిన్నతనమున కోరుట్లకు దాపుననున్న పల్లెలో అమ్మమ్మ వద్ద పెరిగినది. పసుపు త్రవ్వుట, ఉడకబెట్టుట, ఆరబోయుట ఆమె ఆటలతో పాటు నేర్చిన పనులు. ఆ పల్లెలోని మేనమామయే పదునాలుగు సంవత్సరములు గల్ఫు దేశములలో భవన నిర్మాణపు పని చేసి వచ్చిన మనిషి. ఇట్లు ఈ మూడు ఊళ్ళును ఒక్క కుటుంబములో కలిసియున్నవి.

విదేశమునకు ఎంపికయైనట్లు ఉత్తరువు వచ్చిన రోజున సిరిసిల్లలోని ఆ ఇంట పెద్ద పంచాయతీయే జరిగినదట. ఆగస్టు మొదలు డిసెంబరు వరకు ఒక సెమిస్టరు. అమెరికా మధ్యభాగమున కాన్సాసు రాష్ట్రములోని ఒక విశ్వవిద్యాలయము. రాకపోకల ఖర్చును, అక్కడి భోజన వసతులును ఇచ్చువారే చూచుకొందురు. ఇంత చెప్పినను చుట్టములు అడిగిన ప్రశ్నలు రెండే: నెలకు ఎంత వచ్చును? పెండ్లి సంగతి ఏమి? తండ్రి నోరు విప్పలేదు. చివరకు మేనమామ లేచి, "పాసుపోర్టు నీ చేతుల్నే ఉంటదా, వాళ్ళు గుంజుకుంటరా?" అని అడిగినాడు. తన చేతిలోనే యుండునని ఆమె చెప్పగా, "అట్లయితే పో" అన్నాడు.

ఈ ప్రశ్న ఆనాడు ఆమెకు వింతగా తోచినది. మేనమామ గల్ఫులో విమానము దిగిన నాడే పనిలో పెట్టుకొన్నవారు పాసుపోర్టు తీసికొని పెట్టెలో పెట్టి తాళము వేసిరనియు, తల్లి మరణించినపుడు సెలవు దొరకక, పాసుపోర్టు చేతికి రాక, అతడు అక్కడనే ఉండిపోయెననియు ఆమెకు అప్పటికి తెలియదు. ఆ కథ ఆమె తిరిగి వచ్చిన తరువాత గాని బయటకు రాలేదు.

కాన్సాసు మన చదువరులకు అంతగా తెలిసిన పేరు కాదు. న్యూయార్కు వలె సముద్రతీరము లేదు, కాలిఫోర్నియా వలె చలనచిత్ర ప్రసిద్ధి లేదు. హవాయి, అలాస్కాలను విడిచి అమెరికా పటమును మడిచినచో నడిమి మడత ఈ రాష్ట్రములోనే పడును. కనుచూపు మేర గోధుమ, జొన్న, పశువుల మేత బీళ్ళు. 1862లో అబ్రహాము లింకను అధ్యక్షుడుగా నుండగా మోరిల్ శాసనము వచ్చినది. వ్యవసాయము, యంత్రవిద్య మొదలగునవి సామాన్యుల బిడ్డలకు నేర్పు కళాశాలలకై ప్రభుత్వ భూములను రాష్ట్రములకు ఇచ్చుట దాని ఉద్దేశము. ఆ మరుసటి సంవత్సరమే, 1863లో, కాన్సాసులో అట్టి కళాశాల వెలసినది. బోధన, పరిశోధన, పరిశోధన ఫలితములను రైతు ఇంటికి చేర్చుట అను మూడు పనులును ఒకే కప్పు క్రింద జరుగవలెనను సిద్ధాంతము అట్టి కళాశాలలలో పెరిగినది.

అక్కడ మొదటి మాసము ఎట్లు గడచినదని మేము అడిగినాము. ఆమె నవ్వి, "చప్పుడు లేక నిద్ర పట్టలేదండీ" అన్నది. సాంచెల చప్పుడులో పుట్టి పెరిగిన బిడ్డకు ఆ నిశ్శబ్దము భరింపరానిదైనది. ఇంటికి ఫోను చేసినపుడు తల్లి మాటలకంటె వెనుకనుండి వచ్చు సాంచెల చప్పుడు కొరకే ఎక్కువగా చెవి యొగ్గెడిదట. ఒకనాడు ఆ చప్పుడు వినబడలేదు. కరెంటు పోయినదని తండ్రి చెప్పినాడు. రెండవనాడును వినబడలేదు, మూడవనాడును వినబడలేదు. గిరాకి లేక కార్ఖానా మూసినారని అప్పుడామెకు అర్థమైనది.

ఆ వారమే తనకిచ్చు భృతిలో మిగిల్చిన సొమ్మును ఇంటికి పంపబోయినది. తండ్రి వలదన్నాడు. "నిన్ను పంపింది పైసల కోసం కాదు బిడ్డా. పైసలకైతే నేనే పోతుంటి" అని ఫోను పెట్టివేసినాడట. ఈ మాట చెప్పునపుడు ఆమె కంఠము కొంత తడబడినది. మేము యంత్రము ఆపినాము. కొంతసేపటికి ఆమెయే మరల మొదలుపెట్టుమన్నది.

ఇక చదువు సంగతి. మన కళాశాలలలో మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్ల గనుక చదువు విషయమున ఆమెకు భయము లేకుండెను. మొదటి దెబ్బ అక్కడనే తగిలినది. పంట తెగుళ్ళను గూర్చి వ్యాసము వ్రాయుమన్నారు. ఆమె గ్రంథాలయమునకు పోయి, మంచి పుస్తకము తెచ్చి, అందలి వాక్యములను ఒక్క అక్షరము పొల్లుపోకుండ వ్రాసి ఇచ్చినది. మన పరీక్షలలో దీనికి మెప్పు దొరకును. అక్కడ ఆ వ్యాసము మార్కులు లేకుండ తిరిగి వచ్చినది. పరుల వాక్యములను వారి పేరు చెప్పకుండ వాడుకొనుట దొంగతనముతో సమానమని ఉపాధ్యాయిని ఆమెకు నెమ్మదిగా బోధపరచి, "ఇది పుస్తకము చెప్పిన మాట. నీవు ఏమి చూచినావు?" అని అడిగినది.

"నేనేమి చూచినాను?" అని ఆ రాత్రి అంతయు ఆలోచించినదట. ఇరువది యేండ్ల చదువులో ఈ ప్రశ్న తన్నెవరును అడుగలేదని ఆమె మాతో అన్నది. ఇందులో మన ఉపాధ్యాయుల తప్పును మేము వెదకుట లేదు. ఒక్క తరగతిలో అందరికిని ఒకే పాఠము, ఒకే పరీక్ష పెట్టవలసిన చోట వారి కష్టములు వారికి కలవు. కాని ఆ ప్రశ్న మాత్రము మన తరగతి గదులకును రావలసినదే.

రెండవ వ్యాసమును ఆమె తన ఊరి పొలమును గూర్చి వ్రాసినది. వరిపైరులో ఉల్లికోడు అను పురుగును మన రైతులు ఎరుగుదురు. దోమ వంటి చిన్న ఈగ గ్రుడ్డు పెట్టగా, దాని పిల్లపురుగు పిలకలోనికి చేరి తినుటచే ఆ పిలక ఉల్లియాకు వలె గొట్టమై తెల్లగా పైకి వచ్చును. దానికి కంకి రాదు. అమ్మమ్మ పొలములో అట్టి పిలకలను లెక్కపెట్టుచు తిరిగిన నాటి సంగతి, ఆలస్యముగా నాటిన మడిలో ఈ బాధ ఎక్కువగా నుండుటచే ముందుగా నాటుటకు తొందరపడు రైతుల సంగతి, తెగులును తట్టుకొను సన్నరకము 'జగిత్యాల సన్నాలు' తమ పొలాస స్థానములోనే రూపొందిన సంగతి ఆమె తన మాటలలో వ్రాసినది.

అది చదివి ఉపాధ్యాయిని ఆమెను గోధుమ పొలమునకు తీసికొనిపోయినది. గోధుమ పైరునకు అక్కడ హెస్సియన్ ఈగ అను శత్రువు కలదు. అది మన ఉల్లికోడు ఈగకు దాయాది. రెండును ఒకే కుటుంబమునకు చెందిన కీటకములు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలమున జర్మనీ నుండి వచ్చిన హెస్సియన్ సైనికుల గడ్డితో పాటు అది ఆ దేశమునకు చేరినదని జనుల నమ్మకము. ఆ పేరు అట్లు వచ్చినదే. ఇచ్చట ఒక చిత్రము కలదు. మన రైతు ఉల్లికోడును తప్పించుకొనుటకు ముందుగా నాటును. కాన్సాసు రైతు హెస్సియన్ ఈగను తప్పించుకొనుటకు గోధుమను ఆలస్యముగా విత్తును. ఈగల ఉద్ధృతి తగ్గు తేదీ ఏ ప్రాంతమున ఏది యగునో అక్కడి శాస్త్రజ్ఞులు లెక్కకట్టి రైతులకు తెలుపుదురు. ఉపాయములు ఎదురెదురుగా నున్నను తెలివి ఒక్కటే: శత్రువు వచ్చు వేళ నెరిగి పైరును ఆ వేళకు దొరకనీయకుండుట.

మందు చల్లుటకంటె పురుగును తట్టుకొను శక్తి గల పైరును పెంచుట మేలు అను శాస్త్రమునకు పునాది వేసిన వారిలో రెజినాల్డ్ పెయింటర్ ముఖ్యుడు. కాన్సాసులో పనిచేసిన ఈ కీటక శాస్త్రజ్ఞుడు 1951లో ఆ విషయముపై ప్రకటించిన గ్రంథము నేటికిని ప్రామాణికముగా చెప్పబడుచున్నది. వరంగల్లు, జగిత్యాల పరిశోధన స్థానములలో ఉల్లికోడును తట్టుకొను వరి రకములను సాధించిన మన శాస్త్రజ్ఞులు నడచినదియు ఆ దారియే. ఆమె నేర్చుకొనుటకు వేయి ఆమడలు దాటి పోయిన విద్యకు చెందిన మంచి ఉదాహరణ తన కళాశాల ప్రక్క పొలములోనే యుండినది. "అక్కడికి పోకపోతే ఇక్కడున్నది నాకు కనిపించకపోయేది" అని ఆమె అన్న మాట మేము మరువలేదు.

సెప్టెంబరు, అక్టోబరు మాసములలో అక్కడ జొన్న కోతలు. అమెరికాలో జొన్న మిక్కిలిగా పండించు రాష్ట్రము కాన్సాసే. కాని ఆ జొన్నలో హెచ్చుభాగము పశువులకు దాణాగా పోవును. కొంత మోటారు బండ్లలో పోయు ఇంధనమునకు పోవును. జొన్నరొట్టె తిని పెరిగిన పిల్లకు ఇది చూడ విచారము, నవ్వు రెండును కలిగినవి. ఒకనాడు పిండి సంపాదించి, వేడినీళ్ళతో తడిపి, చేతితో చరిచి రొట్టె చేసి సహాధ్యాయులకు పెట్టినది. పెనము సరియైనది కాదు. మొదటి రెండు రొట్టెలు విరిగినవి. మూడవది కుదిరినది. జొన్న పండించు ఇంట పుట్టిన ఒక కాన్సాసు కుర్రవాడు జొన్నను నోట పెట్టుట అదే మొదటిసారి యట.

ఆ బల్లయొద్దనే ఇథియోపియా దేశపు విద్యార్థి ఒకడు కూర్చుండియుండెను. అతడు రొట్టె తిని, "జొన్న మాది. మీ దేశమునకు మేమే ఇచ్చినాము" అన్నాడట. మాట సత్యమే. జొన్నను మానవుడు మొదట సాగులోనికి తెచ్చినది ఈశాన్య ఆఫ్రికా ప్రాంతముననే యని శాస్త్రజ్ఞుల నిర్ణయము. అక్కడినుండి వేల యేండ్ల క్రిందట అది మన దక్కను భూములకు వచ్చినది. మొక్కజొన్న, మిరప, వేరుసెనగ అమెరికా ఖండముల నుండి పోర్చుగీసు మొదలైన నావికుల వెంట మనకు చేరినవి. కాన్సాసుకు కీర్తి తెచ్చిన గోధుమయు ఆ నేల పంట కాదు. 1874లో రష్యా సామ్రాజ్యము నుండి వలస వచ్చిన మెనోనైటు కుటుంబములు 'టర్కీ రెడ్' అను గోధుమ విత్తనములను వెంట తెచ్చుకొన్నారు. ఆ రకము వ్యాపించి రాష్ట్రపు వ్యవసాయమునే మార్చివేసినది. మనము తిను ముద్దలో సగము పరదేశపు కానుకయే. ఏ దేశమును ఒంటరిగా కడుపు నింపుకొనలేదు, విద్యలోను అంతే.

బతుకమ్మ పండుగ వచ్చినది. పుట్టి బుద్ధి యెరిగిన తరువాత ఇంటికి దూరముగా బతుకమ్మ నాడు ఉండుట ఆమెకు అదే తొలిసారి. తంగేడు లేదు, గునుగు లేదు. కాని కాన్సాసు రాష్ట్రపు పుష్పము ప్రొద్దుతిరుగుడు. బాటల ప్రక్కన, బీళ్ళలో చిన్న చిన్న అడవి ప్రొద్దుతిరుగుడు పూలు వేలకొలది పూచియుండెను. వానిని కోసి, పళ్ళెములో వరుసలు పేర్చి, పైన పసుపుముద్ద గౌరమ్మను నిలిపినది. పసుపు కోరుట్ల నుండి అమ్మమ్మ కట్టి ఇచ్చిన పొట్లములోనిది. వలయముగా తిరుగుటకు నలుగురైన కావలెను గదా! ఇథియోపియా వాడు, కాన్సాసు కుర్రవాడు, గదిలో తోడుండు పిల్ల, ఆ ఉపాధ్యాయిని వచ్చి చప్పట్లు చరచుచు తిరిగినారు. అచ్చటి వాగులో బతుకమ్మను విడిచినారు. "ఇది నీటిలో కలిసి చెడిపోవును గదా, ఇంత శ్రమపడి చేసినది ఎందుకు విడుతురు?" అని ఒకరు అడిగినారు. ఆమెకు వెంటనే జవాబు తోచలేదు. తల్లికి ఫోను చేసి అడిగినది. "మళ్ళ ఏడాదికి మళ్ళ పూలు పూస్తయి గదనే" అన్నదట తల్లి. ఆ జవాబును ఇంగ్లీషులో చెప్పుటకు ఒక గంట పట్టినదని ఆమె నవ్వినది. పరదేశమున విద్యార్థి నేర్చుకొను పాఠములలో ఇది ఒకటి. అక్కడ మన ఆచారములను మనమే మొదటిసారి ప్రశ్నించుకొందుము.

కాన్సాసునకును మన తెలుగు నాటికిని నడుమ ఈ రాకపోకలు నేటివి కావు. 1950 దశకములో భారత ప్రభుత్వమును, అమెరికా ప్రభుత్వమును చేసికొన్న ఒప్పందముల ననుసరించి అమెరికాలోని ఐదు విశ్వవిద్యాలయములు మన దేశపు వ్యవసాయ విద్యకు తోడ్పడుటకు ముందుకు వచ్చినవి. మన ప్రాంతము కాన్సాసు స్టేటు విశ్వవిద్యాలయము వంతునకు వచ్చినది. 1956 మొదలుకొని అక్కడి ఆచార్యులు హైదరాబాదుకు వచ్చి పనిచేసినారు; ఇక్కడి యువ ఉపాధ్యాయులు అక్కడికి పోయి పట్టములు పొంది తిరిగి వచ్చినారు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము రాజేంద్రనగరులో ఏర్పడినపుడు బోధన, పరిశోధన, విస్తరణ ఒక్కటిగా నుండవలెనను కాన్సాసు పద్ధతియే దానికి ఒరవడి యైనది. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఇక్కడి వ్యవసాయ కళాశాలలు ఆచార్య జయశంకర్ పేరిట ఏర్పడిన విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చినవి. పొలాస కళాశాలయు, సిరిసిల్ల వ్యవసాయ కళాశాలయు అందులోనివే. కోరుట్లలో పశువైద్య కళాశాల నడచుచున్నది. ఒకప్పుడు ఈ చదువులకై హైదరాబాదుకో బాపట్లకో తిరుపతికో పోవలసిన బిడ్డలకు ఈ శతాబ్దమున అవి ఇంటి దాపునకు వచ్చినవి. ఆనాడు పోయి తిరిగి వచ్చినవారు నాటిన మొక్కలకు కాచిన కాయలే ఇవి యని చెప్పవచ్చును.

ఇతర మార్గములును కలవు. 1950 ఫిబ్రవరి 2వ తేదీన భారత, అమెరికా ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికతో ఫుల్‌బ్రైట్ విద్యార్థి వేతనములు మన దేశమున ఆరంభమైనవి. ఐరోపా దేశములు 1987లో ఎరాస్మస్ అను పేరుతో తమలో తాము విద్యార్థులను మార్చుకొను పద్ధతిని మొదలుపెట్టి, పిదప ఇతర ఖండములకును విస్తరించినవి. 2017లో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో మొదలైన జాతీయ వ్యవసాయ ఉన్నత విద్యా పథకము మూలమున మన వ్యవసాయ విద్యార్థులు కొందరు స్వల్పకాల శిక్షణకై విదేశములకు పోయి వచ్చినారు.

అయితే విదేశ విద్య అనగానే నేడు మనకు తోచునది వేరు. 2023–24 విద్యా సంవత్సరమున అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అన్ని దేశముల కంటెను ఆ యేట మనదే ఎక్కువ సంఖ్య. వీరిలో అధిక సంఖ్యాకులు స్వంత వ్యయముతో, అనగా తండ్రి భూమి తాకట్టుతోనో బ్యాంకు అప్పుతోనో పోయినవారు. అప్పు తీరవలెనన్న అక్కడ ఉద్యోగము దొరకవలెను. ఉద్యోగము దొరకవలెనన్న అక్కడ నిలువవలెను. వారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. కాని వినిమయ విద్యార్థికిని వీరికిని గల భేదము గుర్తింపదగినది. ఒకరిని ఋణము పంపును. మరియొకరిని రెండు విద్యాలయముల నడుమ గల మాట పంపును.

ఇందులకు ఎవరైనను ఒక ఆక్షేపణ చేయవచ్చును. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా చేరి మరల స్వదేశము చూడలేదు. 1948లో అక్కడనే కన్నుమూసినాడు. అంత మాత్రమున ఆయన మనకేమియు ఇయ్యలేదని ఎవరనగలరు? ఆయన నాయకత్వమున వెలువడిన బోదకాలు మందును మన తెలంగాణ పల్లెలలో ఇంటింటికి తిరిగి పంచినారు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. కావున దేహము తిరిగి వచ్చుటయే సర్వస్వమని మేము చెప్పుట లేదు. తెచ్చుకొన్న తోడునకు బదులు తోడు ఏదో ఒక విధమున పొరుగింటికి చేరవలెనన్నదే మా తాత్పర్యము. అందరును సుబ్బారావులు కాలేరు గనుక, సామాన్యులకు సులభమైన మార్గము తిరిగి వచ్చి చెప్పుట.

డిసెంబరులో మంచు పడుచుండగా ఆమె బయలుదేరినది. తాను చూచుచుండగా విత్తిన గోధుమ మొలకెత్తి పచ్చగా నేలను కప్పియుండెను. కోత జూను మాసమున. అది చూచు భాగ్యము ఆమెకు లేదు. ఇంటికి చేరగానే చుట్టములు చుట్టుముట్టి, ఎంత సంపాదించినావని అడిగినారు. ఏమి తెచ్చినావని అడిగినారు. మరల ఎప్పుడు పోదువని అడిగినారు. ఆమె సంచిలో ఒక నోటు పుస్తకము, కొన్ని చాక్లెట్లు, తండ్రికి ఒక ఉన్ని టోపి మాత్రమే యున్నవి. కొందరు పెదవి విరిచినారు.

కోరుట్ల నుండి మేనమామ వచ్చినాడు. అందరును వెళ్ళిపోయిన తరువాత, ఆరుబయట మంచముపై కూర్చుండి, "ఆడ నిన్ను పేరు పెట్టి పిలిచిన్రా బిడ్డా?" అని అడిగినాడు. పిలిచినారని, మొదట సరిగా పలుకలేకపోయినను వారము దినములు అభ్యసించి నేర్చుకొన్నారని ఆమె చెప్పినది. అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, పదునాలుగు సంవత్సరములలో తన పేరు పనిచోట ఎవరును పలుకలేదని, తలటోపిపై నున్న అంకెతోనే పిలిచెడివారని చెప్పినాడు. తల్లి మరణవార్త వచ్చినపుడు పాసుపోర్టు పెట్టెలోనే యుండిపోయిన కథను ఆ రాత్రియే తొలిసారి బయటపెట్టినాడు. "నేను చూసిన దేశం వేరు, నువ్వు చూసిన దేశం వేరు. నువ్వు చూసింది మన పిల్లలకు చెప్పు" అన్నాడు.

ఆ మాటను ఆమె పాటించుచున్నది. ఆదివారములలో సిరిసిల్లలోని తమ వాడ పిల్లలను కూర్చుండబెట్టి నోటు పుస్తకము విప్పును. పాఠము చెప్పదు. "ఈ వారము మీరేమి చూచినారు?" అని అడుగును. మొదట పిల్లలు పుస్తకములోని మాటలు అప్పగించెడివారట. ఇప్పుడు ఒకడు సాంచెలో పోగు తెగుటకు గల కారణమును, మరియొకతె తునికాకు తడి ఆరకుండ తల్లి చేయు ఉపాయమును చెప్పుచున్నారు. పొలాసలో రైతులు వచ్చినపుడు ఆమె కాన్సాసు రైతు విత్తు తేదీని లెక్కించు పద్ధతిని వారికి చెప్పును. వారు, "ఆడ వానలెట్ల? కూలెంత? మద్దతు ధర ఉన్నదా?" అని ఆమెను గ్రుచ్చి గ్రుచ్చి అడుగుదురు. కొన్నిటికి ఆమెకు జవాబు తెలియదు. తెలియనివి వ్రాసికొని అక్కడి ఉపాధ్యాయినికి ఉత్తరము పంపును. జవాబుతో పాటు అక్కడివారు కూడ తమ ప్రశ్నలు పంపుచుందురు. ఉల్లికోడు పిలకల ఛాయాచిత్రములు ఇప్పటికి రెండు పర్యాయములు ఇక్కడినుండి అక్కడికి పోయినవి.

ఆమె భవిష్యత్తు ఇంకను నిర్ణయము కాలేదు. పై చదువునకు అక్కడనే అవకాశము దొరకునని ఒక సూచన వచ్చినది. రాజేంద్రనగరులో చదువవలెనని తల్లి కోరిక. కార్ఖానా మరల నడచుచున్నది గాని ఎన్నాళ్ళు నడచునో తండ్రికి తెలియదు. "మీరైతే ఏమి చేయుదురు?" అని ఆమె మమ్మే అడిగినది. ఇంటింటికి సలహాలు ప్రసారము చేయు మాకు ఆ క్షణమున సలహా తోచలేదు. పోయినను, నిలిచినను ఆ ఉత్తరములు ఆపవద్దని మాత్రము చెప్పినాము.

ఈ ప్రసంగమును వినుచున్న ఇండ్లలోను రేపు ఒక కుమారుడో కుమార్తెయో పరదేశమున ఒక పంట కాలము చదివి తిరిగి రావచ్చును. వారిని చూడబోయినపుడు ఎంత తెచ్చినావని అడుగుటకు ముందు, ఏమి చూచినావని అడుగుదము. అక్కడ ఏమి ఇచ్చి వచ్చినావని అడుగుదము. నిన్ను పేరు పెట్టి పిలిచినారా యని కూడ అడుగుదము. మన ఊళ్ళకు చదువుకొనవచ్చిన పరదేశపు పిల్ల యొకతె తిరిగి పోయినపుడు ఆమె ఇంట ఇదే ప్రశ్న వేయుదురు గనుక, ఆమె పేరు సరిగా పలుకుటకు మనమును ఒక వారము దినములు అభ్యాసము చేయుదము గాక.